పసికన్నులో కృత్రిమ కటకం: మారే చూపు

మా ఆపా కుమారునికి రెండేళ్ళు నిండిన కొద్దిరోజులకే రెండు కన్నులలోనూ శుక్లాలు ఉన్నట్లు బయటపడింది. అది 2012వ సంవత్సరం. బిడ్డ ప్రతి వస్తువునూ ముఖానికి ఆనించుకొని చూసేవాడు. అలవాటేమోనని అనుకొన్నాము. తీరా వెలుతురులో పరిశీలించగా నల్లగుడ్డు నడుమ తెల్లని మచ్చ కనిపించింది. వారం రోజుల ఎడంతో రెండు కళ్ళకూ శస్త్రచికిత్స చేసి, మసకబారిన సహజ కటకాలను తొలగించి, వాటి స్థానంలో కృత్రిమ కటకాలను అమర్చారు. కొన్ని వారాల తరువాత బిడ్డకు కళ్ళద్దాలు కూడా వ్రాసి ఇచ్చారు. వాటి నెంబరు ప్లస్ నాలుగున్నర.

ఆ అద్దాలు ఇంటికి వచ్చిననాడు మా అమ్మ వాటిని చేతిలో త్రిప్పి చూసి అడిగింది: "లోపల అద్దం పెట్టారు గదా బేటా, మళ్ళీ బయట అద్దమెందుకు?" కళాశాలలో నలుగురికీ పాఠం చెప్పే నా వద్ద అమ్మ ప్రశ్నకు సమాధానం లేకపోయింది. బిడ్డకు అయిదేళ్ళు వచ్చేసరికి ఆ నెంబరు ఒకటిన్నరకు దిగింది. సంతోషించాము. ఎనిమిదో ఏట అది సున్నాను దాటి మైనస్ ఒకటి అయింది. అప్పుడు ఇంటిల్లిపాదీ కలవరపడ్డాము. "ఆపరేషను చెడిపోయిందా?" అన్నది అమ్మ రెండవ ప్రశ్న.

నేను వైద్యుణ్ణి కాను, సాహిత్య విద్యార్థిని. అయినా ఆ రెండు ప్రశ్నలకు జవాబు వెదుకుతూ వైద్యులను అడిగి, చదివి, కొంత తెలుసుకొన్నాను. మన విద్యార్థుల ఇళ్ళలోనూ ఇటువంటి బిడ్డలు ఉండవచ్చును. ఆస్పత్రిలో వైద్యుడు చెప్పిన మాటను ఇంట్లో పెద్దలకు విడమరచి చెప్పవలసినవారు చాలాసార్లు ఈ విద్యార్థులే. ఈ వ్యాసం వారికొరకు.

ముందుగా మాటల సంగతి. సంస్కృతంలో శుక్లమంటే తెలుపు. పల్లెల్లో కంటిలో ఏ తెలుపు కనిపించినా 'పువ్వు పూసింది' అంటారు. కాని పువ్వు సాధారణంగా కంటి ముందుభాగమైన కార్నియాపై ఏర్పడే మచ్చ, శుక్లం దాని వెనుకనున్న కటకం మసకబారడం. రెండూ వేరు, చికిత్సలూ వేరు. ఉర్దూలో మోతియాబింద్ అన్నమాట ముత్యపు బిందువును తలపిస్తుంది. అరబ్బీ వైద్యులు దీనిని 'నుజూలుల్ మా', అనగా నీరు దిగడం అన్నారు. లాటిన్ అనువాదాలలో అదే జలపాతమనే అర్థంగల మాట అయి, నేటి 'కేటరాక్ట్'గా నిలిచింది. కటకానికి ఇంగ్లీషులో ఉన్న లెన్స్ అనే పేరు మసూరుపప్పు గింజ నుండి వచ్చింది. ఉర్దూలో వాడే 'అదసా' అన్న అరబ్బీ పదానికీ మూలం ఆ పప్పుగింజే. రెండువైపులా ఉబ్బిన ఆ గింజ ఆకారమే కటకపు ఆకారం.

మసకబారిన కటకాన్ని సూదితో ప్రక్కకు నెట్టే పద్ధతి సుశ్రుతుని కాలంనుండి తెలిసినదే. సుమారు వెయ్యేళ్ళ క్రితం ఈజిప్టులో వైద్యం చేసిన అమ్మార్ ఇబ్న్ అలీ అల్ మౌసిలీ బోలుసూదితో శుక్లాన్ని పీల్చి తీసిన విధానాన్ని వర్ణించాడు. కాని తీసివేసినదాని స్థానంలో మరొకటి అమర్చే ఆలోచన చాలాకాలానికి గాని ఫలించలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాల అద్దపు కప్పులు పగిలి కొందరు వైమానికుల కళ్ళలో ప్లాస్టిక్ ముక్కలు గుచ్చుకొన్నాయి. కొన్ని కళ్ళు ఆ ముక్కలను ఏ వాపూ లేకుండా సహించడం గమనించిన లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ, 1949 నవంబరులో సెయింట్ థామస్ ఆస్పత్రిలో 45 ఏళ్ళ స్త్రీ కంటికి అదే జాతి ప్లాస్టిక్‌తో చేసిన కటకాన్ని అమర్చాడు. అయితే దాని శక్తి అంచనా తప్పి, ఆమెకు తీవ్రమైన హ్రస్వదృష్టి ఏర్పడింది. అంటే కటకం 'నెంబరు' సమస్య ఆ తొలి కంటితోనే మొదలైనదన్నమాట.

పెద్దల విషయంలో ఆ సమస్య నేడు దాదాపు తీరిపోయింది. కంటి పొడవును, కార్నియా వంపును కొలిచి, తగిన శక్తిగల కటకాన్ని ఎన్నుకొంటారు. మా నానాకు శస్త్రచికిత్స జరిగినప్పుడు నెలన్నరలో నెంబరు నిలకడపడింది. ఆయనకు జరిగిన విధంగానే మనుమడికీ జరగాలని మేము ఆశించడంలోనే పొరపాటున్నది. నానా కన్ను ఎదగడం ఎన్నడో మానివేసిన కన్ను. బిడ్డది ఇంకా ఎదిగే కన్ను.

ఎంత ఎదుగుతుంది? అప్పుడే పుట్టిన శిశువు కనుగుడ్డు ముందునుండి వెనుకకు సుమారు 17 మిల్లీమీటర్ల పొడవుంటుంది. పెద్దవారిలో అది 23 లేక 24 మిల్లీమీటర్లు. ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి రెండేళ్ళలోనే జరిగిపోతుంది. తరువాత వేగం తగ్గి, కౌమారం వరకు మెల్లగా సాగుతుంది. ఏడు మిల్లీమీటర్లంటే చిన్నమాటగా తోచవచ్చును. కాని పెద్దవారి కంటిలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే అద్దాల నెంబరులో సుమారు రెండున్నర నుండి మూడు డయాప్టర్ల తేడా వస్తుంది. పసికంటిలో ఆ తేడా ఇంకా ఎక్కువ. ఈ లెక్కన బిడ్డలందరూ పెరిగేసరికి దూరపు వస్తువు కనిపించని వారు కావలసి ఉన్నది. అలా జరగకపోవడానికి కారణం ప్రకృతి చేసిన సర్దుబాటు. కన్ను పొడవవుతూ ఉంటే, కాంతిని వంచే రెండు భాగాలూ తమ శక్తిని తగ్గించుకొంటూ పోతాయి. కార్నియా శక్తి పుట్టినప్పుడు సుమారు 51 డయాప్టర్లుండి, ముఖ్యంగా మొదటి సంవత్సరంలోనే తగ్గి, 43 లేక 44 వద్ద నిలుస్తుంది. కటకం శక్తి సుమారు 34 నుండి 19కి, ఏళ్ళ తరబడి మెల్లగా దిగుతుంది. రెటీనా అనే వెనుకతెర దూరంగా జరిగినకొద్దీ కాంతికిరణాలు కలిసే బిందువు కూడా దానితోపాటు వెనుకకు జరుగుతుంది. ఇంతటి పొందికను తలచుకొన్నప్పుడెల్లా సృష్టికర్త పట్ల నాకు కలిగే భావాన్ని ఇక్కడ వ్రాయను. పాఠకులే గ్రహింతురు గాక.

శుక్లంతోపాటు ఆ సహజ కటకాన్ని తీసివేశాము. దానికి బదులు పెట్టిన ప్లాస్టిక్ కటకం శక్తి పెట్టిననాడు ఎంతో, పదేళ్ళకూ అంతే. కన్ను మాత్రం పొడవవుతూనే ఉంటుంది. ఆ సర్దుబాటులో పాలుపంచుకొనే కటకం ఇక లేదు. కనుక కిరణాలు రెటీనాకు చేరకముందే, దాని ముందర కలుస్తాయి. ఇదే హ్రస్వదృష్టి, మనవాళ్ళు 'సైటు' అనేది. దీనికి పుటాకార కటకం, అనగా మైనస్ నెంబరు అద్దం కావాలి. నెంబరు ప్లస్ నుండి సున్నాకు, సున్నా నుండి మైనస్‌కు జరగడమంటే లోపలి అద్దం పాడైందని కాదు. బిడ్డ కన్ను పెరుగుతున్నదని అర్థం.

అమ్మ మొదటి ప్రశ్నకు సమాధానం ఇక్కడే దొరుకుతుంది. రెండేళ్ళ బిడ్డకు ఆనాటికి సరిగ్గా సరిపడే కటకం పెడితే ఆనాడు అద్దాలు అక్కరలేదు. కాని పదిహేనేళ్ళు వచ్చేసరికి మైనస్ నెంబరు చాలా పెద్దదైపోతుంది. అందువలన వైద్యులు కావాలనే కొంత తక్కువ శక్తిగల కటకం అమరుస్తారు. ఆ తక్కువను ప్లస్ అద్దాలతో బయటనుండి పూరిస్తారు. కన్ను ఎదిగినకొద్దీ ఆ ప్లస్ అవసరం తగ్గుతూ వస్తుంది. ఇది అమ్మకు చెప్పడానికి నాకు దర్జీ పని అక్కరకు వచ్చింది. ఆమె చాలాకాలం ఇంట్లో మిషను కుట్టింది. ఎదిగే బిడ్డకు ఈదుకు కుర్తా కుట్టేటప్పుడు కొలత కంటె పొడవుగా కత్తిరించి, అంచు లోపలికి మడిచి కుట్టి, ఏటేటా మడత విప్పుతారు గదా, ఇదీ అంతే అన్నాను. "అట్లయితే ఆ అద్దాలు మడత కుట్టన్నమాట" అన్నది. ఇంతకంటె బాగా నేను చెప్పలేను.

ఎంత మడత పెట్టాలన్నది వయస్సును బట్టి ఉంటుంది. వైద్యులు గుర్తుంచుకొనే ఒక సులభసూత్రం ప్రకారం, బిడ్డ వయస్సు, శస్త్రచికిత్స తరువాత మిగల్చవలసిన ప్లస్ నెంబరు కలిపితే ఏడు కావాలి. రెండేళ్ళ బిడ్డకు ప్లస్ అయిదు, నాలుగేళ్ళవానికి మూడు, ఏడేళ్ళవానికి సున్నా. మరికొందరు రెండేళ్ళలోపు వారికి కొలతలో 20 శాతం, ఎనిమిదేళ్ళలోపు వారికి 10 శాతం తగ్గించి పెడతారు. ఇవన్నీ అంచనాలే. మన ఇళ్ళలో అన్నదమ్ములు ఒకే ఎత్తు ఎదగనట్లే, కళ్ళూ ఒకే విధంగా ఎదగవు.

ఎంత వేరుగా ఎదుగుతాయో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన చూపుతుంది. పుట్టుకతో ఒక కంటిలో మాత్రమే శుక్లమున్న, ఏడు నెలలు నిండని 114 మంది శిశువులను 57 మంది చొప్పున రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి లోపలి కటకం అమర్చారు. రెండవ వర్గానికి కటకం పెట్టక, కంటిపై ధరించే కాంటాక్ట్ లెన్స్ ఇచ్చారు. అయిదేళ్ళ వయస్సులోని ఫలితాలు 2014లో వెలువడినాయి. లోపలి కటకం పెట్టిన కళ్ళు మొదటి ఏడాదిన్నర వయస్సు వరకు నెలకు సగటున 0.35 డయాప్టర్ల చొప్పున, అటుపై ఏడాదికి దాదాపు ఒక డయాప్టరు చొప్పున మైనస్ వైపు జరిగాయి. అయిదేళ్ళనాటికి మధ్యస్థ నెంబరు మైనస్ రెండుంబావు. కాని విడివిడిగా చూస్తే ఒక బిడ్డకు ప్లస్ అయిదు, మరొక బిడ్డకు మైనస్ 19! అందరికీ ముందుచూపుతో ఒకే పద్ధతిలో లెక్క కట్టిన తరువాత ఇంత తేడా. దృష్టి మాత్రం రెండు వర్గాలలోనూ ఇంచుమించు సమానంగానే ఉన్నది. పైగా కటకం పెట్టిన వర్గంలో 72 శాతం మందికి మళ్ళీ కంటిలోపల శస్త్రచికిత్స అవసరమైంది. కాంటాక్ట్ లెన్స్ వర్గంలో అది 21 శాతం మాత్రమే. ఈ కారణాన ఏడు నెలలలోపు శిశువులకు తొందరపడి కటకం పెట్టకపోవడమే మేలని, కాంటాక్ట్ లెన్స్ ఖర్చును, సంరక్షణను భరించలేక బిడ్డ ఏ అద్దమూ లేకుండా మిగిలిపోయే ప్రమాదమున్నచోట మాత్రం కటకం పెట్టవచ్చునని ఆ పరిశోధకులు అభిప్రాయపడ్డారు. ఆ చివరి మాట మన పేటలకు ఎంతగా వర్తిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. నీరు, దుమ్ము, ఖర్చు, ఆస్పత్రికి దూరం అన్నీ చూసి వైద్యుడు నిర్ణయించవలసిన విషయమది. "పక్కింటి బిడ్డకు పెట్టారు, మా బిడ్డకు ఎందుకు పెట్టలేదు" అని అడగడం తగదు.

ఇంతవరకు చెప్పినదంతా కనుగుడ్డు కథ. కాని మనిషి చూచేది మెదడుతో. హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రజ్ఞులు పిల్లికూనల మీద పరిశోధించి, పసితనంలో కొంతకాలం ఒక కన్ను మూసి ఉంచితే, తరువాత తెరచినా మెదడు ఆ కంటి చూపును స్వీకరించడం నేర్వదని నిరూపించారు. 1981లో వారికి నోబెల్ బహుమతి లభించింది. బిడ్డ కంటిలోని దట్టమైన శుక్లం ఆ మూసిన రెప్పవంటిదే. అందుకే పుట్టుకతో ఒక కంటిలో దట్టమైన శుక్లముంటే ఆరువారాల ప్రాంతంలో, రెండు కళ్ళలో ఉంటే రెండు నెలల ప్రాంతంలో తీయవలెనని వైద్యులు తొందరపెడతారు. "బిడ్డ కాస్త పెద్దవాడు కానీ" అనే మన ఇళ్ళలోని మాట ఇక్కడ ప్రేమతో చేసే అపకారం. శుక్లం తీసిన తరువాత కూడా, సరియైన అద్దం లేక రెటీనాపై బొమ్మ మసకగా పడుతూ ఉంటే ఫలితం అదే. కన్ను శుభ్రంగా ఉంటుంది, చూపు రాదు.

మా వీధిలో ఒక అమ్మాయి ఉన్నది. పసితనంలో ఒక కంటికి శస్త్రచికిత్స జరిగింది. మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేసి, చికిత్స జరిగిన కంటితోనే చూసేట్లు చేయమన్నారు. మెదడు చేత బలవంతంగా ఆ కంటిని వాడించడమే దీని ఉద్దేశం. పట్టీ వేస్తే బిడ్డ ఏడ్చేది. కనిపించే కన్ను మూసి, కనిపించని కంటితో నడవమంటే ఏ బిడ్డ ఏడవదు? తల్లి మనసు కరిగి పట్టీ మానేసింది. అద్దాలు పగిలితే మళ్ళీ చేయించలేదు. ఒక కంటితో అమ్మాయి బాగానే చదువుకొంటున్నది గదా అనుకొన్నారు. పదేళ్ళ వయస్సులో చూపిస్తే లోపలి కటకం తేటగా, దాని స్థానంలోనే ఉన్నది. కాని ఆ కంటితో ఆమె చార్టులోని పెద్ద అక్షరాలు తప్ప చదవలేకపోయింది. ఆ తల్లిని నేను తప్పుపట్టను. ఆపరేషను జరిగితే పని పూర్తి అయినదని ఆమె అనుకొన్నది. మేమూ మొదట అనుకొన్నది అదే.

మరొక చిన్న సంగతి తల్లిదండ్రులను తికమకపెడుతుంది. సహజ కటకం దగ్గరి వస్తువును చూచేటప్పుడు ఉబ్బి, దూరపు వస్తువును చూచేటప్పుడు పలచబడుతుంది. సాధారణంగా పిల్లలకు పెట్టే కృత్రిమ కటకానికి ఆ శక్తి లేదు. పసిబిడ్డ లోకం తల్లి ముఖం, చేతిలోని గిలక వరకే కనుక మొదట దగ్గరకు సరిపడే అద్దాలు ఇస్తారు. నడక, ఆట, బడి మొదలైన తరువాత క్రింద ఒకటి, పైన ఒకటిగా రెండు నెంబర్ల అద్దాలు అవసరమవుతాయి. చిన్నపిల్లవానికి 'ముసలివాళ్ళ అద్దాలు' ఎందుకని వాటిని మార్పించినవారు ఉన్నారు. ఆ బిడ్డకు నల్లబల్ల కనిపిస్తుంది, పుస్తకం కనిపించదు.

అయితే నెంబరు మార్పులన్నీ పెరుగుదల వలననే అనుకొని ఊరుకోరాదు. పిల్లల్లో కటకం వెనుకనున్న పలుచని పొర మళ్ళీ తెల్లబడడం చాలా సాధారణం. అందుకే చిన్నపిల్లల్లో శస్త్రచికిత్స సమయంలోనే ఆ పొర నడుమ ద్వారం చేస్తారు. అయినప్పటికీ కొందరికి తిరిగి శుభ్రం చేయవలసి వస్తుంది. ఇంతకంటె జాగ్రత్త వహించవలసినది కంటిలోని ఒత్తిడి పెరగడం, అనగా నీటికాసులు. పసితనంలో శుక్లం తీసిన కళ్ళకు ఇది నెలల తరువాత గాని, సంవత్సరాల తరువాత గాని రావచ్చును. పసికన్ను గోడలు మెత్తన. లోపలి ఒత్తిడికి సాగుతాయి. సాగితే కన్ను పొడవై, మైనస్ వేగంగా పెరుగుతుంది. అందువలన నెంబరు ఒక్కసారిగా ఎక్కువ మారినా, ఒక కంటిలో మాత్రమే మారినా, బిడ్డ వెలుతురుకు కళ్ళు మూసుకొంటున్నా అద్దాల దుకాణానికి పోయి నెంబరు మార్పించుకొని రావడం ప్రమాదకరం. కంటివైద్యునిచేత ఒత్తిడిని, లోపలి నరాన్ని చూపించవలెను. ఈ పరీక్ష జీవితాంతం మానరానిది. మైనస్ మరీ ఎక్కువైతే కాంటాక్ట్ లెన్స్, కొందరికి ఎదిగిన తరువాత లోపలి కటకాన్ని మార్చడం వంటి మార్గాలున్నవి. అవి వైద్యుడు నిర్ణయించవలసినవి.

శుక్లం ఎందుకు వస్తుందన్నది మరొక పెద్ద వ్యాసమవుతుంది. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డకు శుక్లం రావచ్చునని ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ 1941లో కనుగొన్నాడు. తట్టు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే టీకా కార్యక్రమం మన రెండు రాష్ట్రాలలో 2017లో జరిగింది. అప్పట్లో వదంతులు నమ్మి టీకాకు పిల్లలను బడికి పంపని ఇళ్ళు మన మధ్యనే ఉండినవి. విద్యార్థులు వారికి చెప్పగలిగి ఉండవలసింది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన జాతీయ సేవాపథకం విద్యార్థులు ఏటా పేటలలో శిబిరం జరుపుతారు. ఈ పర్యాయం చంటిబిడ్డలున్న ఇళ్ళలో రెండే ప్రశ్నలు అడగమని కోరుతున్నాను: బిడ్డ నల్లగుడ్డులో తెలుపు గాని, మెల్ల గాని, నిలకడలేని చూపు గాని ఉన్నదా? ఇంతకుముందు కంటి శస్త్రచికిత్స జరిగిన బిడ్డ ఉంటే, చివరిసారి ఎప్పుడు చూపించారు? నల్లగుడ్డులో తెలుపు శుక్లమే కానక్కరలేదు. రెటీనాకు వచ్చే క్యాన్సరు కూడా అట్లే కనిపిస్తుంది. కావున ఒక్కరోజు కూడా ఆలస్యం చేయక పంపవలెను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద ప్రభుత్వ వైద్యబృందాలు పరీక్షించే పుట్టుకలోపాలలో శుక్లమూ ఒకటి.

మా మేనల్లునికి ఇప్పుడు పదిహేనేళ్ళు. నెంబరు మైనస్ రెండుమ్ముప్పావు. గత రెండు పరీక్షలలో పెద్దగా మారలేదు. ఒత్తిడి సరిగా ఉన్నది. కటకం శక్తి, కంటి పొడవు వ్రాసి ఉన్న ఆస్పత్రి కార్డును మా ఆపా ఇంటి దస్తావేజులతోపాటు ట్రంకుపెట్టెలో భద్రం చేసింది. ఏ వైద్యునివద్దకు వెళ్ళినా మొదట అడిగేది దానినే. తరువాతి పరీక్ష రంజాను సెలవుల్లో. తీసుకొని వెళ్ళవలసినవాణ్ణి నేనే.